తెల్ల రిబ్బను

సియోల్‌లో మా ఎదురింటి గుమ్మంలో విన్న మాటలివి. ఒకావిడ, జనం ఫోన్లో చదువుకునే సీరియల్ రాసే ఆయన భార్య. రెండో ఆవిడ ఎడిటరు.

“రచయిత గారిని ఓసారి పిలవండమ్మా, చూసి వెళ్తాను.”

“పడుకున్నారండీ. ఒంట్లో బాలేదు.”

“ఫోనూ ఎత్తడం లేదు. సీరియల్ మాత్రం రోజూ టంచనుగా వస్తోంది. ఈమధ్య ఎంత బాగా రాస్తున్నారో! ఆ ముసలమ్మ కిమ్చీ పచ్చడి కలుపుతూ తనలో తను మాట్లాడుకునే చోట ఏడుపొచ్చేసింది. ఇదివరకు ఆయనకి ఆడవాళ్ళ గురించి రాయడం చేతనయ్యేది కాదు.”

“ఆయన చెప్తుంటే టైపు కొట్టేదాన్ని నేనేగా. ఆడవాళ్ళు అలా మాట్లాడరండీ అంటే వినేవారు కాదు.”

“మరిప్పుడు వింటున్నారా?”

“ఇప్పుడు ఏమన్నా కాదనడం లేదండీ.”

“అమ్మా... మీ తల్లో ఆ తెల్ల రిబ్బను, ఇంట్లో మనిషి పోతే పెట్టుకునేది కదూ?”

“సీరియల్ ఆపేస్తారాండీ? పిల్లకీ నాకూ అదే ఆధారం.”

“నేనేం చూడలేదు. రేపటి భాగం పంపండి. కానీ ముందు అది తీసేయండి. మా ఆఫీసువాళ్ళు ఇంకెవరైనా వస్తే తెలిసిపోతుంది.”

“రోజూ తీసేద్దామనే అనుకుంటానండీ. ఆయన పేరుతో రాయడానికైతే చెయ్యొస్తోంది. దీన్ని తీయడానికే రావట్లేదు.”