మూల చెట్టు పురుగులు

కాలేజీ తోటమాలి పనిముట్లు పెట్టుకునే గది. గడప దగ్గర, ఖాళీ సీసా పట్టుకుని, పురుగుల మీద పరిశోధన చేస్తున్న అతని కూతురు.

“నా మొహం చూసి చెప్పు నాన్నా. ఆ మూల చెట్టు దగ్గరికి ఎవరొచ్చారు?”

“ఎవరొస్తారమ్మా? పిట్టలొస్తాయి.”

“వేళాకోళాలొద్దు. పొద్దున్నుంచీ గొడుగు తిరగేసి పట్టుకుని కొమ్మ కొమ్మా కర్రతో తట్టాను. ఒక్క పురుగు రాల్లేదు. పోయిన వారం కొమ్మకి పది రాలాయి.”

“ఎండకి పోయుంటాయి.”

“పోయిన వారం ఎండ లేదా?”

“ఉందనుకో...”

“ఆ చెట్టు మా సీనియర్‌కి చూపించేశావు కదూ? ఆయనా ఈ పురుగుల కోసమే తిరుగుతున్నాడు.”

“ఎవరూ, ఆ సోడాబుడ్డి కళ్ళద్దాలాయనా?”

“అదిగో! అనగానే గుర్తొచ్చాడు. నిన్న నీతో గంటసేపు మాట్లాడాడట.”

“గులాబీ అంటు అడిగాడమ్మా. ఒట్టు.”

“అంటు కోసం గంటా?”

“ఆయన మాట తెమలదు. నన్నేం చెయ్యమంటావు?”

“నాన్నా, నా దగ్గరున్నవన్నీ ఆడవే. వాటికి రెక్కల్లేవు. రెక్కలున్న మగది ఒక్కటి దొరికితేనే ఇది ఫలానా జాతని తేల్చగలను. తేల్చకపోతే రేపొచ్చే పెద్దసారు నా మూడేళ్ళ పని మీద సంతకం పెట్టరు.”

“పేనంత లేదు, దాని కోసమా?”

“దాని కోసమే.”

“పురుగంటే చెట్టుకి చేటు కదమ్మా?”

“ఇవి చెట్టుని ముట్టనే ముట్టవు. బెరడు మీద బూజు తిని బతుకుతాయి.”

“ముట్టవా? ...ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదేం?”

“చెబితే నీకేం తెలుస్తుందని... ఎటు చూస్తున్నావు? ఇటు చూడు. చేతులు వెనక్కెందుకు పెట్టుకున్నావు?”

“ఏం లేదు.”

“చూపించు. అయ్యో, ఈ తోలు ఊడిపోవడమేంటి?”

“సబ్బునీళ్ళు పడలేదులే.”

“సబ్బునీళ్ళతో నీకేం పని?”

“తోటపనన్నాక సవాలక్ష ఉంటాయమ్మా.”

“నాన్నా!”

“పెద్దసారు ఆ చెట్టు చూడ్డానికొస్తారని మొన్న నువ్వే అన్నావు. నా చేతికింద చెట్టుకి పురుగు పట్టిందని ఆయన కంటబడితే, మాలి కూతురివని నిన్ను చులకన చేస్తారేమోనని... నిచ్చెనేసుకుని, మొదలు నుంచి చిటారు కొమ్మ దాకా, నేనే రుద్ది కడిగేశానమ్మా.”