ముల్లు ఎక్కడుంది నాయినా

హఫీజ్‌పేట స్టేషను వెనక సందులో సాయిలు ఇల్లు. ఆదివారం పొద్దున. వాకిట్లో నీళ్ల క్యాన్లు మోసే పికప్ బండి. దాని పక్కన సాయిలు, అతని భార్య యాదమ్మ, బండ్ల సర్వీస్ సెంటర్లో పనిచేసే, తండ్రి పిలిస్తే వచ్చిన కూతురు ప్రవళిక. లోపల సాయిలు తల్లి.

“డీజిల్ ముల్లు సగంల ఉండె యాదమ్మా. ఎన్నిసార్లు చెప్పాలె?”

“సగం ఉంటే బండి ఎందుకాగింది? మెకానిక్ టాంకిల కట్టె ముంచి చూస్తే తడి గూడ అంటలేదని నువ్వే చెప్పినవ్.”

“నేను చెప్పేది గూడ అదే. డీజిల్ లేకున్నా మీటర్ సగం చూపిస్తుంది. టాంకిల ఉన్న సెన్సార్ ఖరాబైంది.”

“ఇప్పుడు సెన్సార్. పోయిన నెల హారన్. అంతకుముందు పక్క అద్దం. ఎప్పుడు చూసినా బండే ఖరాబైతది.”

“విన్నవా ప్రవళికా, మీ అమ్మ మాటలు. బండి తోలేది నేను, మీటర్ సంగతి ఆమెకు ఎరుక.”

“ఇద్దరు జర ఆగుండ్రి. నాయినా, గురువారం ఏమైందో మొదటికెల్లి చెప్పు. మా సెంటర్ల కస్టమర్‌ను అడిగినట్టే అడుగుతున్న.”

“ఏముంటది చెప్పనీకి. నానక్‌రామ్‌గూడల హాస్టళ్లకు క్యాన్లు దించి వస్తున్న. ఆ అద్దాల బిల్డింగుల ముందట సర్వీస్ రోడ్డు మీద దగ్గి దగ్గి ఆగింది. ముల్లు సగంల ఉండె.”

“అమ్మా, నువ్వు చూడలేదా? రోజు పక్కన్నే కూసుంటవ్ గద.”

“గురువారం నేను పోలే. మీ నాయనమ్మకు జొరం ఉండె.”

“అసలు నువ్వెందుకు పోతవమ్మా రోజు, ఆ మోకాళ్ల నొప్పులతోని?”

“క్యాన్లు దించనీకి.”

“హాస్టల్ వాచ్‌మెన్లు దించుకుంటరు గద.”

“ఏదో పోతున్న తియ్. సెన్సార్ చూస్తనంటివి, చూడు. ఎండ ముదురుతుంది.”

“సరే. నాయినా, సీట్ల కూసో. తాళం తిప్పి మీటర్ లైట్లు వచ్చినంక ఆపు, స్టార్ట్ చెయ్యకు. నేను సెన్సార్‌ను టాంకిలకెల్లి బయటికి తీస్త. దాని కడ్డీ చివర ఓ బుర్ర ఉంటది, డీజిల్ మీద తేలేది. దాన్ని నేను చేత్తోని లేపితే నీ ముల్లు లేవాలె, దించితే పడాలె. నువ్వు చూసి గట్టిగ చెప్పు.”

“గింత చదివి గిదేనా బిడ్డా? వెనకటి మెకానిక్కులు గూడ గిట్లనే చేస్తుండె.”

“కంప్యూటర్ పెట్టినా చివరికి ఇదే చేస్తం. అమ్మా, ఆ పానా ఇయ్యి. అది కాదు, చిన్నది. ఆ పాత గుడ్డ గూడ.”

“డీజిల్ మొఖం మీద పడుతది బిడ్డా, జర దూరం పెట్టుకో.”

“దూరం పెడితే చెయ్యి అందదు. ఆఁ, వచ్చింది. నాయినా, చూస్తున్నవా? బుర్ర పైకి లేపిన. ముల్లు నిదానంగ కదులుతది, తొందరపడకు.”

“లేస్తుంది. లేస్తుంది. నిండుకు వచ్చింది.”

“ఇప్పుడు దించిన.”

“పడ్డది.”

“సగంల పట్టుకున్న.”

“సగమే చూపిస్తుంది. ఇటు గాదు, అటు గాదు.”

“గట్లయితే సెన్సార్ మంచిగనే ఉన్నట్టు నాయినా.”

“మంచిగెట్లుంటది? బయట మంచిగ కదులుతదేమో. లోపల డీజిల్ల ఇరుక్కుంటదేమో. ఇంకోసారి చూడు.”

“ఇంకోసారి చూస్త గని... అయ్యో.”

“ఏమైందే? చెయ్యి గిట్ల కోసుకున్నవా?”

“ఏం గాలేదమ్మా. నాయినా, ఇప్పుడు ముల్లు ఎక్కడుంది?”

“లేపినవా, దించినవా?”

“లేపిన.”

“నిండుగుంది.”

“అమ్మా, జర ఇటు వంగు. నా చేతిల ఉన్నది సెన్సార్. గిది బండికెల్లి వచ్చే వైరు. ఈ రెండిటికి ప్లగ్గే పెట్టలే నేను. బయటికి తీసేటప్పుడు పీకిన, మళ్ల పెట్టుడు మర్చిపోయిన.”

“అయితే ఏంది?”

“వైరు కలవకుంటే ముల్లు కదలనే కదలదు. ఖాళీ మీద పండుకోని ఉంటది. నాయిన నాకు నిండు, సగం అని ఎట్ల చెప్పిండు?”

“మెల్లగ మాట్లాడు.”

“అమ్మా, నీకు...”

“మెల్లగ అంటున్న గద.”

“ఏందే తల్లీబిడ్డల గుసగుసలు? నన్ను ఈడ కూసోబెట్టి.”

“ఒక్క నిమిషం నాయినా. ప్లగ్ సరిగ పడలేదు, పెడుతున్న. ఇప్పుడు పడ్డది. ఈసారి లేపిన్నో దించిన్నో నేను చెప్ప. నువ్వే చెప్పు.”

“నువ్వు చెప్పకుంటే నాకెట్ల తెలుస్తది?”

“ముల్లును చూసి.”

“మీటర్ అద్దం మీద ఎండ కొడుతుంది.”

“బండి నీడకే ఉంది నాయినా.”

“అయితే... సగం.”

“అమ్మా, నువ్వు పోయి చూడు.”

“నన్నెందుకు నడుమల పెడతవ్?”

“చూసి చెప్పమ్మా.”

“నిండుగుంది. పైన గీత దాటింది.”

“నేను లేపే పట్టుకున్న. సెన్సార్‌కు ఏ రోగం లేదు. నాయినా, కిందికి దిగు.”

“దిగుత. ముందుగాల దాన్ని లోపల పెట్టు. టాంకి మూతి తెరిచి ఉంచొద్దు.”

“పెడుత. నా దిక్కు చూడు. నా మొఖం మీద డీజిల్ ఎక్కడ అంటింది?”

“గదుమ మీద.”

“నిన్ను అడగలేదమ్మా.”

“గదుమ మీదనే గద బిడ్డా, మీ అమ్మ చెప్పినట్టు.”

“నాయినా.”

“నీ చెవులు కనబడుతున్నయ్. జుట్టు కనబడుతుంది. నడుమల పొగ లెక్క ఉంటది. ఏది చూద్దామంటే అదే పోతది. ముల్లు దిక్కు చూస్తే ముల్లు పోతది, పక్కకు చూస్తే ఉన్నట్టు కొడుతది. నీ మొఖం చూడక నాలుగు నెలలాయె.”

“ఎప్పటి సంది గిట్ల?”

“దీపావళి సంది. మొదలు ఎడమ కన్ను. ఇప్పుడు రెండు.”

“షుగర్ గోలీలు వేసుకుంటున్నవా?”

“ఏసుకుంటున్న. యాదికి వచ్చినప్పుడు.”

“దవాఖానకు పోలేదా?”

“పోతే బండి తోలొద్దంటరు.”

“అందుకని తోలుకుంట తిరుగుతున్నవా? ఆ రోడ్ల మీద? ఆ జనంల?”

“తెల్లారంగనే పోత. తొవ్వ ఎరుకైందే. ముందటి బండ్ల లైట్లు ఎర్రగ తెలుస్తయ్. మీ అమ్మ ముచ్చట పెట్టుకుంట వస్తనే ఉంటది.”

“ఏం ముచ్చటమ్మా?”

“ఏముంటది. ‘ఎర్ర లైటు పడ్డది, ఈ లైటు ఎప్పుడు ఇంతే, పొద్దు పోతది’ అంట. ‘ఎడమ దిక్కు ఆటో చూడు, ఎంతమందిని ఎక్కించుకున్నడో’ అంట. ‘ఆ స్కూటీ పిల్ల ఎంత సన్నగుంది’ అంట. గసోంటియే.”

“అంటే నీకు తెలుసు.”

“ఆయన చెప్పలే. నేను అడగలే.”

“తెలిసి గూడ పక్కన కూసున్నవ్. ఆ స్కూటీ పిల్లకు ఏమన్న అయితే?”

“నేను కూసోకుంటే ఒక్కడే పోతుండె బిడ్డా. ఇరవై రెండేండ్ల సంది తోలిన మనిషి. నీకు కనబడతలేదని ఏ నోటితోని అనాలె? అద్దం ఖరాబైందా, హారన్ ఖరాబైందా అని ఎద్దేవ చేసిన. గట్లనన్న తనంతట తను చెప్తడేమో అని.”

“ఎద్దేవ చేస్తే చెప్తరా అమ్మా?”

“చెప్పలే గద.”

“యాదమ్మా, నువ్వు ఆగు. తప్పు నాది. సెన్సార్ ఖరాబైందని తేలితే చాలని నిన్ను పిలిపించిన బిడ్డా. గురువారం బండి ఆగంగనే ఓ సెక్యూరిటీ ఆయన ఉరికొచ్చిండు. ‘మంచిగ ఆపినవ్ అన్నా, ఆ కంపెనీ పిల్లలు ఫోన్లు చూసుకుంట నీ బండికి అడ్డమే వచ్చిండ్రు’ అన్నడు. నా చెయ్యి పట్టుకోని ఊపిండు. నాకు ఏ పిల్లలూ కనబడలే.”

“నువ్వు ఆపలేదా?”

“నేనెక్కడ ఆపిన. డీజిల్ ఐపోయి ఆగింది.”

“ఈ మాట నాకు చెప్పలే నువ్వు.”

“చెప్తే నువ్వు తాళం గుంజుకుంటవ్ యాదమ్మా.”

“గుంజుకుంటుంటి. నాలుగు దినాల సంది సగంల ఉండె, సగంల ఉండె అని నాతోని పంచాయితి పెడుతున్నవ్ గని...”

“అది సగంల ఉంటే నేను మంచిగున్నట్టు గదనే.”

“సాయిలూ, చాయ చల్లారిపోతుంది. అందరు బండి చుట్టు నిలబడ్డరేందిరా? బాగైందా?”

“నువ్వెందుకు లేచి వచ్చినవ్ అమ్మా? గా గడప మీద కూసో. ప్రవళికా, నాయనమ్మ చెయ్యి పట్టుకో.”

“నా జొరం ఎప్పుడో పోయింది. కోడలేంది ఏడుస్తుంది?”

“ఏడుస్తలేను అత్తా. డీజిల్ వాసన.”

“అమ్మా, అందరున్నరు, ఒక్కసారే చెప్తున్న. బండికి ఏం గాలే. నాకే కండ్లు కనబడతలేవు. రేపటి సంది నేను బండి తోల.”

“గట్లనా కొడుకా.”

“గట్లనే అమ్మా.”

“నాయినా, రేపు నేను లీవు పెడుత. పొద్దుగాల్నే కండ్ల దవాఖానకు పోదాం. చూపిస్తే కొంతన్న నిలుస్తదంటరు. నాయనమ్మ మందులు తేవాలె గద, వచ్చేటప్పుడు అవి గూడ తెద్దాం.”

“దవాఖాన సరే బిడ్డా. రేపు పొద్దుగాల ఆరు హాస్టళ్లకు నీళ్లు పోవాలె. ఒక్క పొద్దు తప్పితే ఇంకొకని పెట్టుకుంటరు. రాత్రికి రాత్రి డ్రైవర్‌ను యాడకెల్లి తేవాలె?”

“మా సెంటర్ల ఎవరినన్న అడుగుత నాయినా. దొరుకుతరో లేదో.”

“ఎవ్వలను అడగకుండ్రి. అత్తా, ఈయనకు తెల్వకుండ బండి నేర్చుకోని నీ పెట్టెల దాపెట్టిన నా లైసెన్స్ జర తీసియ్యి. రేపటి సంది బండి నేను తోల్త.”