పరదా అవతలి నాడి

"నానమ్మా, రేపు ఖమ్మం దవాఖానాకు నేను పోవట్లే. మా ఆయన పోయి డాక్టరుకు చెప్పి గోలీలు తెస్తడట. పిచ్చి డాక్టరు కాడ నన్నెవ్వలన్న సూస్తే పరువు పోతదని అత్తమ్మ అంటాంది."

ఏందీ? మల్ల అను. మనసు బాగలేనిది నీకైతే నీ మొగుడు పోయి సూపిచ్చుకుంటడా? నిద్ర పట్టనిది నీకు, పసిపిల్లను ఒళ్లె ఏస్కోని ఊకె ఏడ్సేది నువ్వు, డాక్టరు ముంగట కుర్చీల వాడు కూసుంటడా? అవ్ మరి, మీ అత్తకు మోకాళ్ల నొప్పులొస్తే సూది కూడా వాణ్నే ఏయించుకొని రమ్మను! నవ్వకు సునీతా. కూసో గీడ. పిల్లను నాకియ్యి.

గిట్లనే ఒక మనిషిని సంపిండ్రు బిడ్డా. పరువు పరువని సంపిండ్రు. నా కండ్లముంగటనే.

భద్రాచలం తొవ్వల అడివి మొదలైతది సూడు, ఆడ రాజుల గడి ఉండె. రాజ్యం ఎప్పుడో పోయింది, పేరు మిగిలింది, గోడలు మిగిలినయ్, గోషా మాత్రం గట్టిగ మిగిలింది. ఆడోళ్లు పరాయి మగోని కంట పడొద్దు. మా ఆయన, నువ్వు సూడలేదులే, నువ్వు మా పక్కింటికి కోడలుగ రాకముందే పోయిండు, టైలరు. ఈ పెనుబల్లి చుట్టుపక్కల ఆయన కుట్టని పెండ్లి కోటు లేదు. కానీ గడి లోపటికి పోరాదు గదా, అందుకని ఆడోళ్ల కొలతలకు నన్ను తోలేది. జాకెట్టుకు రూపాయి కూలి ఉన్న రోజులు. గడోళ్లు పైసలియ్యరు, వడ్లు కొలుస్తరు, అండ్ల సగం తాలే. సరె, ఆ ముచ్చట ఇడిసిపెట్టు.

రత్నమాంబ అని, చిన్న దొర పెండ్లాం. మేం రాణమ్మ అనేటోళ్లం. నాకంటె ఏడాదో రెండేండ్లో పెద్ద. ఎంత కుశాల మనిషనుకున్నవ్! నేను టేపు పెడితే కితకితలని మెలికలు తిరిగేది. "ఖాసింబీ, మెడ ఇంకింత కిందికి కొయ్యి, మా అత్త సూడదులే" అని సెవుల చెప్పేది. నన్ను పక్కన కూసోబెట్టుకోని తినిపిచ్చింది ఒకసారి, గడిల ఎవ్వలు చేస్తరు గట్ల?

కొడుకు పుట్టిండు. ఆ పురుడు తర్వాత నేను పోయేసరికి గోడ దిక్కు తిరిగి పండుకున్నది. పలకదు. తినదు. తల దువ్వుకోదు. పిల్లగాడు పక్కన గుక్కపట్టి ఏడుస్తున్నా తిరిగి సూడదు. నా కొంగు పట్టుకోని, "నాకు వాణ్ని ఎత్తుకోవాలంటే భయమైతాంది ఖాసింబీ, నేనేం తల్లిని" అన్నది. నాకప్పటికి పిల్లలు లేరు, నాకేమెరుక? ఇప్పుడైతే ఆశా వర్కరు అమ్మాయి ఇంటికొచ్చి అడుగుతది, అక్కా నిద్ర పడుతాందా, ఏడుపొస్తాందా అని. నీ సంగతి పసిగట్టింది ఆ పిల్లనే గదా. అప్పుడు అడిగే దిక్కెవ్వలు?

పెద్ద దొరకు బుద్ధి పుట్టి ఖమ్మం నుంచి డాక్టరును జీపుల పిలిపిచ్చిండు. మంచిదే గదా? విను. అత్త, అంటే పెద్ద దొరసాని, ఏమన్నదో ఎరికేనా? "మా ఇంటి కోడలి చెయ్యి పరాయి మగోడు పట్టుడా!" అన్నది. నడుమ పరదా కట్టిపిచ్చింది. రాణమ్మ ఎంబడి పుట్టింటోళ్లు పెండ్లినాడు ఒక పనామెను తోలిచ్చిండ్రు, ఆడబాప అనేటోళ్లు గట్ల వచ్చినామెను. సోమక్క పేరు. వడ్లు దంచి దంచి ఉక్కులెక్క ఉండేది. ఆ సోమక్క చేతికి రాణమ్మ గాజులు తొడిగి, పరదా సందుల నుంచి సాపిచ్చిండ్రు!

నేను ఆడనే ఉన్న తల్లీ, బట్టల మూట పట్టుకోని. డాక్టరు సోమక్క నాడి పట్టి సూసిండు. "ఆకలైతాందా అమ్మా?" అని అడిగిండు. "అయితాంది" అని అత్త చెప్పింది. "నిద్రో?" "పడుతాంది." నాడి మంచిగున్నది, రోగమేం లేదని బలం మందు రాసిచ్చి, కోడికూర తిని, జీపెక్కిండు. రాణమ్మ ఎనక అర్రల పండుకునే ఉన్నది! ఆమె మొఖం ఒక్కడు సూడలే! సోమక్క పాపం ఆ గాజులు తీసిస్తా వలవల ఏడ్సింది.

ఇగ ఏమన్నరు? అంత పెద్ద డాక్టరే రోగం లేదన్నడు, అంటే ఇది దయ్యం గాలేనన్నరు. ఏపమండలతోని కొట్టిండ్రు, మిరపకాయల పొగేసిండ్రు. మా దర్గా తాయెత్తు కూడా కట్టిండ్రు. మీ దేవుడొచ్చిండు, మా దేవుడొచ్చిండు, డాక్టరు మాత్రం మల్ల రాలే. పిల్లగాని పీక పిసుకుతదని వాణ్ని దూరం చేసి, ఆ అర్రకు బయట్నుంచి గొళ్లెం పెట్టిండ్రు. ఎన్నడన్న వాణ్ని ఏమన్న చేసిందా ఆమె? చీమకు కూడా కీడు చెయ్యని మనిషి!

ఏండ్లకేండ్లు ఆండ్లనే ఉన్నది. నన్ను లోపటికి పోనిచ్చేటోళ్లు కాదు, పాత జాకెట్టు పంపి దాని మీద కుట్టుమనేటోళ్లు. ఒకనాడు అది కూడా పంపలే. అడిగితే, పోయింది, దినాలు కూడా అయిపోయినయ్ అన్నరు. ఎట్ల పోయిందో చెప్పలే. ఊరికి ఒక ముద్ద పెట్టలే.

పోయిన ఎండకాలం ఆ గడికి సున్నమేసి, వచ్చినోళ్లు సూసెతందుకు హాలు నిండ ఫోటోలు పెట్టిండ్రు. నేను సూడవోయిన. తాతలున్నరు, ముత్తాతలున్నరు, దొర ఎక్కిన గుర్రం ఫోటో కూడా ఉన్నది. రత్నమాంబది లేదు. గుర్రం పాటి చెయ్యలేదా ఆమె! ఆడ చెప్పేటాయనను అడిగితే "ఏ రాణమ్మా?" అన్నడు. నా నోటికి అడ్డేముంది, తిట్టినంత తిట్టి వచ్చిన.

అది వినొచ్చిండో ఏమో, ఆమె కొడుకు మా ఇంటికొచ్చిండు. అరవై దాటినయ్, జుట్టంత నెరిసింది. గీ మంచం మీదనే కూసున్నడు. చాయ్ ఇస్తే తాగలే. "మా అమ్మ పిచ్చిదని తప్ప నాకెవ్వలేం చెప్పలే. నీకు ఎరికేనట గదా. మా అమ్మ ఎట్లుండేది?" అన్నడు. నన్నెప్పుడన్న ఎత్తుకున్నదా అని అడిగిండు. సొంత తల్లి సంగతి దర్జీ పెండ్లాన్ని అడగాలె వాడు, ఆ ఈడుల! చెప్పినంత చెప్పిన.

అందుకే చెప్తున్న. రేపు పొద్దుగాల బస్సుకు నువ్వూ నేనూ పోదం. నీ మొగుడొస్తే రానియ్యి, పిల్లను ఎత్తుకుంటడు. డాక్టరు అడిగిన దానికి నీ నోటితోని నువ్వే చెప్పు, సిగ్గుపడకు. మీ అత్తను నాకిడిసిపెట్టు, గోడ మీదికెల్లే కడిగేస్త ఇయ్యాల. ఏడ్వకు, ఏడ్వకు బిడ్డా... సరె, ఏడ్సుకో. అల్లా నీకు కంటి నిండ నిద్రియ్యాలె, నోటికి రుచియ్యాలె. ఈ పిల్ల ముసల్దైనంక నీ గురించి ఇంకొకల ఇంటికి పోయి అడిగే గతి రావద్దు తల్లీ.