ధాన్యం బస్తా ఆఫీసు

ఉంగుటూరు బస్టాపు పక్కన పాపారావు టీకొట్టు. బెంచీ మీద ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని దుర్గేష్ అందుకున్నాడు.

"ఇంట్లో ఆఫీసు పెట్టడం అందరివల్లా అయ్యే పని కాదండీ మేష్టారూ! మోచెయ్యి ఎక్కడుండాలి, మెడ ఎంత వంచాలి, అన్నిటికీ లెక్కుందండి. మా ఆవిడ కుసుమేమో గూడెం స్కూల్లో టీచరు, పొద్దున్నే బస్సెక్కేస్తుంది. పాపని చూసుకుంటూ కంపెనీ పని చేసేది నేనే. మంచం మీద కూర్చుని చేసి చేసి నడుం పట్టేసింది. మీటింగు మధ్యలో లేచిపోతున్నానని మా మేనేజరు 'నీవల్ల కాకపోతే హైదరాబాద్ వచ్చెయ్' అన్నాడు. వెళ్తే మా హర్షిణిని ఎవరు చూస్తారండి? ఫోన్లో కనపడే నాన్నలా ఉండటం నావల్ల కాదండి."

"మంచి కుర్చీ కొనుక్కోకపోయావా?" అన్నాడు పాపారావు టీ తిరగబోస్తూ.

"కొట్లో కుర్చీకి నా నడుం సంగతేం తెలుసండీ? ధాన్యం బస్తా అయితే కూర్చున్నవాడి ఒంటికి తగ్గట్టు సర్దుకుంటుంది. కిందొకటి, వీపుకొకటి వేశాను. ఇటుకల మీద పాత తలుపు పెడితే బల్ల. నొప్పి ఎగిరిపోయింది, ఒట్టు! కాకపోతే వీపు బస్తాలో ఊక నింపాల్సింది, తొందరలో విత్తనాలకి దాచిన ధాన్యమే పెట్టేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పవయ్యా, టీ చల్లారిపోతోంది," అన్నారు నిత్యానందం మేష్టారు.

"మా పాప మగ్గుతో నీళ్లు తెచ్చి, నాన్నకి ఉక్కపోస్తోందని బస్తా మీద గుమ్మరించేసిందండి. మర్నాటికి మొలకలు! వారం తిరక్కుండా నా భుజాల మీంచి పచ్చటి పైరు! మేనేజరు చూసి, 'ఏం బ్యాక్‌గ్రౌండు పెట్టావయ్యా, గాలికి ఊగుతోంది కూడానూ' అని మురిసిపోయాడు. కదిలితే పైరు పడిపోతుందని మీటింగంతా నిటారుగా కూర్చున్నాను."

"మరి నీళ్లో?" అన్నాడు పాపారావు.

"ఏసీ నీళ్లండీ! పైపు వేశాగా! ఈలోగా కిటికీలోంచి కొల్లేటి కొంగలు దిగాయి. నన్ను చూసి అవి కూడా మెడలు నిటారుగా పెట్టి వరసగా నిలబడ్డాయి. మేనేజరు కొత్త టీమనుకుని అందరికీ గుడ్మాణింగ్ చెప్పాడు. శ్రద్ధగా వింటోందని ఓ కొంగకి ప్రమోషన్ కూడా ఇచ్చాడండి! ఇక పంట చేతికొచ్చేసరికి మ్యూట్‌లో పెట్టుకుని, ఓ చేత్తో టైపు చేస్తూ ఇంకో చేత్తో కోసేశాను. ధాన్యం పట్టుకెళ్లడానికి లారీ హాల్లోకే వచ్చిందంటే చూడండి!"

మేష్టారు గ్లాసు కింద పెట్టారు.

"కొంగ ప్రమోషన్ నమ్ముతాను గానీ దుర్గేషూ, అంత గొప్ప ఆఫీసు ఇంట్లో పెట్టుకుని, కాలు విరిగిన ఈ బెంచీ మీద నడుం పట్టుకుని పనెందుకు చేస్తున్నావయ్యా?"

కొట్టంతా గొల్లున నవ్వింది. దుర్గేష్ కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

"పాపకి రాత్రంతా జ్వరమండి. ఇందాకే ఆ బస్తాకి ఆనుకుని నిద్రపోయింది. పక్కింటి సూర్యకాంతం గారు దగ్గరున్నారు. ఇప్పుడు మీటింగుంది. నా గొంతు వింటే లేచిపోతుందని ఇటొచ్చేశాను."

ల్యాప్‌టాప్ మోగింది. పాపారావు కొట్లో మోగుతున్న పాట ఆపేసి, లోపల్నుంచి సగం ఖాళీ అయిన పంచదార బస్తా ఈడ్చుకొచ్చి దుర్గేష్ వీపు వెనక సర్దాడు.

"ఆనుకోవయ్యా," అన్నాడు నెమ్మదిగా. "ఇది మొలకెత్తదులే."