అరకు సలే

నౌపడ స్టేషన్లో మే నెల ఎండ. రష్యాలో ఒక మంచు రేవుకి వలపని మీద జాలర్లను పంపే ఏజెంటు, ఈసారి మేస్త్రీగా తనే వెళ్తున్నాడు. నిరుడు అతను పంపితే వెళ్లి, నిన్ననే తిరిగొచ్చినవాడు సాగనంపడానికొచ్చాడు.

"అక్కడ సలి ఎలాగుంటాదిరా?"

"నువ్వు మాకు సెప్పినట్టే బావా, అరకు సలే. ఒక స్వెట్టరు సాలు."

"ఏడాదంతానా?"

"ఎండాకాలం రెణ్ణెల్లు. అప్పుడు రాత్రయినా పొద్దు గుంకదు. మిగతా పది నెలలూ అరకే."

"గ్లవ్సులు కొనాలేటి?"

"ఎందుకు? ఒట్టి సేతుల్తో లాగితేనే తాడు పట్టు తెలుస్తాదని నువ్వే కదా సెప్పినావు."

"అవున్లే. ఇంత ఎండలో జేబులోంచి ఆ సెయ్యి తియ్యవేటి?"

"అక్కడి అలవాటు బావా. బండెక్కు."

రైలు కదిలాక, రెండు వేళ్లే మిగిలిన ఆ చెయ్యి తీసి ఊపాడు.

"నువ్వొచ్చినాక నీదీ నాదీ పక్కపక్కన పెట్టి సూసుకుందాం బావా."