దొర కూసున్న టేబుల్

అయ్యో, లేవకుండ్రి దొరా, కూసోండ్రి. ఇది మా టేబులే గని, మీరు చూడకుండ కూసున్నరు, అంతే. అగో ఆ టిష్యూ పాకెట్ మా మనుమరాలు నిఖిల పెట్టిపోయింది. ఈ సింగపూర్‌ల అది పెడితె సీటు మనదేనట. చోప్ అంటరు. ఎంత పెద్దోడొచ్చినా దాన్ని జరపడట.

నవ్వుతున్నరా? నవ్వుండ్రి. మీ పొలాలకు హద్దురాళ్లు పాతిన లచ్చిగానికి ఈ హౌగాంగ్ హాకర్ సెంటర్ల, గిన్ని తిండి దుకాండ్ల నడుమ, ఒక టేబుల్ దొరికింది.

తిప్పలేందంటె, మిమ్ముల చూడంగనె నేను లేచి నిలబడ్డ. ఎవలు లెమ్మన్నరు? ఎవలు అనలే. ఈ డెబ్బై మూడేండ్ల మోకాళ్లు మెట్లెక్కమంటె ఏడుస్తయి. మీరు కనబడితె మాత్రం వాటంతట అవే లేస్తయి.

మా మనుమరాలు అగో, దోసెల లైన్ల ఉన్నది. పోయిన ఐతారం మా బిల్డింగ్ లిఫ్ట్ కాడ మీరెదురైతె చెప్పులిడిసి చేతుల పట్టుకున్న గద. అది చూసి రెండు దినాలు నాతోటి మాట్లాడలే. ‘తాతా, ఇంకొక్కసారి ఆయన ముంగట గట్ల నిలబడ్డవా, నేను నీ మనుమరాలినే కాదు’ అన్నది. అన్నదంటె అంతే. చాంగీ బిజినెస్ పార్క్‌ల పన్నెండుమందికి బాసు. మీ మనుమడు మహీధర్ బాబు సుత లీవు కావాలంటె ఆమెనే అడగాలె. ఇస్తది లెండ్రి, మంచి పిల్లే.

ఏందీ, వేరే టేబుల్‌కు పోతరా? వద్దు. మీరు పోయినంక కూసుంటె ఏం గొప్ప? కూసోమని సుత చెప్పకుండ్రి. మీరు చెప్తె కూసునుడు నాకు పాతదే.

ఆ పిల్లకు మీ మీద గంత కోపమెందుకో తెల్సా? నేను చెప్పిన కథతోటి. వెట్టి జీతగాళ్లను సర్కారు ఇడిపించిన యేడు తాసిల్దారు నాకు విడుదల కాయితమిచ్చిండు, రెండెకరాల పట్టా ఇచ్చిండు. మా వాడంత డప్పులు కొట్టినం. ఆ రెండెకరాలల్ల గుండ్లు తప్ప ఏమున్నయి? మీ బాయి నీళ్లు ముట్టనియ్యలే. కూలికి ఒక్కలు పిలవలే. నెల తిరక్కముందే మళ్ల మీ కొట్టంల పేడ తీసిన.

దొర మనుషులొచ్చి నన్ను గుంజుకపోయిన్రని నా కొడుకుకు చెప్పిన. వాడు ఆ కోపంతోటే హాస్టల్ల ఉండి సదివిండు, బిడ్డను సదివించిండు. ఆమె సుత అదే కోపంతోటి పెరిగింది.

ఎవలు గుంజుకపోలే దొరా. మీకు తెల్సు గద. మూడొద్దులు పొయ్యి ఎలగలే. తెల్లారంగ నా అంతట నేనే వచ్చి చీపురు పట్టిన. మీరు బయటికొచ్చి చూసి, లోపలికి పోయిన్రు.

అమ్మో, పళ్లెం పట్టుకొని వస్తున్నది. ఇగో, కూసున్న. చూసిండ్రా, మీ ముంగటనే, మీరు చెప్పకుండనే కూసున్న.

ఇప్పుడు చెప్పిన ముచ్చట మాత్రం ఆ పిల్లకు చెప్పకుండ్రి. చెప్పకుండ్రి దొరా, నీ బాంచెన్, కాల్మొక్త...

ఆ మాట నోట్లెనె ఉన్నదాయె. ఏం జేస్త.