నీళ్ళలో పట్టే జిగురు

అందరూ అతన్ని బావగారూ అనే పిలిచేవాళ్ళు. నిజానికి అతను బావ అయింది ఒక్క డాక్టరమ్మకే, ఆమె అక్క మొగుడు. ఆమె రోజుకి వందసార్లు "బావా" అని కేకేస్తుంటే విని విని, వాచ్‌మన్ మొదలు పై అంతస్తులో డ్రోన్లు చేసే అమ్మాయి దాకా మేడంతా అదే వరసలోకి దిగిపోయింది. డాక్టరమ్మ పేరూ అలా అంటుకున్నదే. ఆమె చదివింది రసాయనశాస్త్రం. డాక్టరేటు ఉన్న పాపానికి టీకొట్టు అక్క మోకాలు చూపించి మందు అడుగుతుండేది.

అది కొత్త కంపెనీలకి తక్కువ అద్దెకి గదులిచ్చే మేడ. వాళ్ళ గది రెండో అంతస్తులో, మెట్ల పక్కన. ముగ్గురు మనుషులు, ఒక జిగురు. అలలు ఎంత కొట్టినా ఆల్చిప్పలు రాతిని ఎలా వదలవో ఏళ్ళతరబడి చూసి, ఆ పట్టుని డాక్టరమ్మ సీసాలోకి దించింది. నీళ్ళలో పట్టే జిగురు. దాన్ని కలిపి డబ్బాల్లో నింపే యంత్రం చేసింది ఇంజనీరు. అమ్మి పెట్టాల్సింది బావ. అంతకుముందు నీళ్ళట్యాంకులు అమ్మినవాడు, నోరున్నవాడు. అయినా ఒక్క డబ్బా కూడా ఇంకా గది దాటలేదు.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ బావకి రెండు మాటలు చెప్పాలని మెట్లు దిగింది. ఒకటి, ఇంజనీరు పొద్దున ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడని. రెండోది, పాత యూనివర్సిటీ వాళ్ళు ఆమెని వెనక్కి రమ్మంటున్నారని, రేపటికల్లా ఏదో ఒకటి చెప్పాలని. దిగి చూస్తే బావ అప్పటికే టీకొట్టు ముందు బల్ల మీద బాసింపట్టు వేసుకుని సభ తీర్చి ఉన్నాడు. చుట్టూ వాచ్‌మన్, డ్రోన్లమ్మాయి, మెడలో తడి తువ్వాలుతో పక్కవీధిలో ఈత నేర్పే ఆయన.

"చిన్న సంగతేనండీ, పెద్దది చేసి చెప్పడం నాకు చేతకాదు," అంటున్నాడు బావ. అంటే పెద్దదే వస్తోందన్నమాట. ఆమె గ్లాసు తీసుకుని ఓ మూల కూర్చుంది.

"కింద బాత్రూంలో టాపు కారేది కదా. మా డాక్టరమ్మ పెసరగింజంత జిగురు తీసి, నీళ్ళు కారుతుండగానే అద్దింది. ఆగిందా లేదా? వాచ్‌మన్ సాక్షి."

వాచ్‌మన్ తలూపాడు. అంతవరకూ నిజమే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? చుక్క ఆగడం మాట దేవుడెరుగు, టాపే తిరగదు! ప్లంబరొచ్చి రెంచి పెట్టాడు, రెంచి అంటుకుంది. రెంచి లాగాడు, చెయ్యి అంటుకుంది. ప్లంబరు నడుం పట్టుకుని వాచ్‌మన్ లాగాడు, వాచ్‌మన్ నడుం పట్టుకుని మా ఇంజనీరు లాగాడు, నేను డబ్బా పట్టుకుని నిలబడ్డాను, మనిషన్నాక ఏదో ఒకటి పట్టుకోవాలి కదా, అప్పుడు ఊడింది పైపు, ఊడి అక్కడితో ఆగిందా, పైజమా బొందు లాగినట్టు మేడ మొత్తం పైపంతా గోడలోంచి జరజరా వచ్చేసి, మేడ కాస్త ఇటు ఒరిగింది. కావాలంటే చూడండి!"

అందరూ తలలెత్తి చూశారు.

"అది కట్టినప్పటినించీ ఒరిగే ఉందట బావగారూ," అంది డ్రోన్లమ్మాయి.

"నువ్వొచ్చింది మొన్నమ్మా. అంతకుముందు కొలబద్దలా ఉండేది."

"నాచేత ఎప్పుడు లాగించారు? నాకు గుర్తులేదే," అన్నాడు వాచ్‌మన్.

"అంత అదురుకి గుర్తుంటుందా ఎవరికైనా? సరే, ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పడి పడవవాళ్ళ చెవిన పడింది. నది మధ్యలో పడవకి చిల్లు, పడవనిండా జనం. మా ఇంజనీరు తాడు కట్టాడు, మా డాక్టరమ్మ దూకింది, నేను డబ్బా అందించాను. చిల్లు పూడింది. కానీ డబ్బా ఒలికి నాలుగు బొట్లు నదిలో పడ్డాయి చూశారూ, అక్కడొచ్చింది చిక్కు. పడవ నీళ్ళకి అంటుకుపోయింది!"

"పడవ నీళ్ళకి అంటుకోవడమేంటండీ?" అన్నాడు ఈత నేర్పే ఆయన.

"నేనూ అదే అన్నాను, ఎవరు వింటారు! ఇంజను వేస్తే పడవ కదిలింది, పడవతో పాటు నదీ కదిలింది. దుప్పటి చివర పట్టుకుని లాగినట్టు వెనకాలే వచ్చేసింది. ఒడ్డు చేరి వెనక్కి చూస్తే వంతెన వంతెనలా ఉంది, కింద నది లేదు. చేపలన్నీ మొహాలు చూసుకుంటున్నాయి. మళ్ళీ నదిని తీసుకెళ్ళి దాని చోట పరిచి, మడతలు సరిచేసి వచ్చేసరికి మాకు భోజనం వేళ దాటిపోయింది."

టీకొట్టు అక్క నవ్వు ఆపుకోలేక గరిటె కింద పెట్టింది. డాక్టరమ్మకీ నవ్వొచ్చింది. మామూలుగా ఆమెకి ఈ కోతలంటే ఒళ్ళు మంట. ప్రయోగంలో గోరంత తేడా వస్తే నిద్రపట్టని మనిషి, నదిని మడతపెడితే ఎలా ఊరుకుంటుంది? కానీ ఆ రోజెందుకో ఒకటి తట్టింది. బావ చెప్పే ప్రతి అబద్ధంలోనూ దూకేది ఆమే, గెలిచేది ఆమే. అతను ఎప్పుడూ డబ్బా పట్టుకుని పక్కన నిలబడేవాడే. ఇన్నాళ్ళూ ఆ సంగతి పట్టించుకోనేలేదు.

"అయిపోయిందనుకున్నారా? నదిలో పడ్డ ఆ నాలుగు బొట్లు ఎండకి ఆవిరై పైకెళ్ళి మబ్బులో కలిశాయి. మబ్బు పట్టింది, ఉరిమింది, వాన రావాలి. రాదే! చినుకూ చినుకూ అంటుకుని, వానంతా కలిసి ఒకే ఒక్క చుక్క అయింది. పైన వేలాడుతోంది, ఊరంత చుక్క. అది పడితే? మా ఇంజనీరు లెక్కకట్టి, సరిగ్గా ఈ మేడ మీదే పడుతుందన్నాడు. ఇక చూడండి, మా డాక్టరమ్మ చీపురుకట్టకి జిగురు రాసి మేడెక్కింది, కింద మా ఇంజనీరు నిచ్చెన పట్టుకున్నాడు, గట్టిగా పట్టుకున్నాడు, అతనుంటే మాకు భయమేముంది..."

"బావగారూ," అంది టీకొట్టు అక్క నవ్వుతూనే. "నదిని పట్టారు, వానని పట్టారు, అంతా బానే ఉంది. పొద్దున ఆ ఇంజనీరు బాబే సంచి భుజాన వేసుకుని వచ్చి, 'వెళ్ళొస్తానక్కా, ఇక ఇటు రాను' అని చెప్పి వెళ్ళాడు. ఇంత జిగురు దగ్గర పెట్టుకుని ఆ ఒక్క మనిషిని అంటించుకోలేకపోయారేం?"

అందరూ ఘొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా బావే నవ్వాడు. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆగాడు. అక్క నాలిక కరుచుకుంది.

"మన జిగురు తడిలోనే పట్టుకుంటుందక్కా," అన్నాడు బావ మెల్లిగా. "పొడిగా ఉన్నచోట పట్టదు. అతనింట్లో పసిపిల్ల. జీతమివ్వడానికి మా గదిలో ఏముంది? అంతా పొడే. నా దగ్గరే చేతులు పట్టుకుని ఏడ్చాడు పొద్దున. నేనే వెళ్ళమన్నాను."

అంటే అతనికి తెలుసు. తెలిసే నది మీదా మబ్బు మీదా ఇంజనీరుని ఇంకా నిలబెట్టుకుంటున్నాడు. డాక్టరమ్మ చేతిలో టీ చల్లారిపోయింది.

ఈత నేర్పే ఆయన ఆమె వైపు తిరిగాడు. "కోతలు పక్కన పెట్టండి. నీళ్ళలో పట్టడం అనేది అసలు ఉందా?"

"నది అబద్ధం," అంది డాక్టరమ్మ. "టాపు నిజం. కానీ సాయంత్రానికి ఊడిపోయింది. ఎందుకు ఊడిందో కనిపెట్టి జిగురు పాళ్ళు మార్చాం. మార్చాక గదిలో తప్ప బయటెక్కడా పెట్టి చూడలేదు."

"మా పూల్లో మెట్టు కింద పగులుంది. బాగు చెయ్యాలంటే నీళ్ళన్నీ తోడెయ్యమంటున్నారు. అలా చేస్తే పిల్లల క్లాసులన్నీ ఆగిపోతాయి. వచ్చి పెట్టండి."

"పట్టకపోవచ్చు."

"ఇప్పుడు మాత్రం పట్టి ఉందా ఏంటి?"

ఆ సాయంత్రం పిల్లలొచ్చే వేళకి ముందే, ఈత నేర్పే ఆయనతో పాటు ఇద్దరూ పూల్ దగ్గరికి చేరారు. నదుల్లో పడవలకి డబ్బాలందించిన బావకి ఈత రాదని అప్పుడు బయటపడింది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కమ్మీ పట్టుకుని, చలికి వణుకుతూ మెట్లు దిగాడు. మూడో మెట్టుకే మడతలు తడిసిపోయాయి. డాక్టరమ్మ ఊపిరి బిగబట్టి మునిగి, పగులు పొడవునా జిగురు పూసి, పైన బద్ద పెట్టి అదిమింది. బద్ద ఒక చివర లేస్తోంది.

"బావా, ఇటు నొక్కు!"

అతను కమ్మీ వదిలేశాడు. గడ్డం దాకా నీళ్ళలో కూర్చుని రెండు చేతులా నొక్కిపెట్టాడు. ఇద్దరూ అలా ఎదురెదురుగా ఉండిపోయారు.

"యూనివర్సిటీ వాళ్ళు రమ్మంటున్నారు బావా," అంది ఆమె.

"తెలుసు. మీ అక్క చెప్పింది."

"రేపటికల్లా చెప్పాలి."

"ఊఁ."

ఉండమనలేదు, వెళ్ళమనలేదు. నీళ్ళు గడ్డానికి తగులుతుంటే తల పైకెత్తి పెట్టుకున్నాడంతే. చాలాసేపటికి, "చెయ్యి తియ్యనా?" అని అడిగాడు.

"వద్దు. ఇంకాసేపు."

మర్నాడు డాక్టరమ్మ టీకొట్టు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ సభ నిండుగా ఉంది. యూనివర్సిటీకి ఫోన్ చేసి రాలేనని చెప్పేసి వస్తోంది. ఆ సంగతి బావకి ఇంకా తెలియదు. ఈత నేర్పే ఆయన రాలేదు, క్లాసు నడుస్తోంది. బావ బల్ల మీద తుమ్ముతూ కూర్చున్నాడు.

"ఊఁ, కానివ్వండి బావగారూ," అంది డ్రోన్లమ్మాయి. "పూల్లో ఏం జరిగింది? మొసలి వచ్చిందా, తిమింగలమా?"

వాచ్‌మన్ బీడీ ఆర్పేశాడు. టీకొట్టు అక్క పొయ్యి తగ్గించింది.

బావ ముక్కు తుడుచుకున్నాడు. "మెట్టు కింద పగులుండేది. పూడింది," అన్నాడు.

ఇంకా చెబుతాడని అందరూ ఎదురుచూశారు. అతను టీ ఊదుకుని తాగుతున్నాడు.

"పూడిందా? రాత్రంతా ఉందా?" అంది అక్క.

"పొద్దున వెళ్ళి చూశాను. ఉంది."

అక్క అతని మొహంలోకి చూసింది, వాచ్‌మన్ వైపు చూసింది, పెదవి విరిచింది.

"ఇంత పచ్చి అబద్ధం ఈయన నోట ఎప్పుడూ వినలేదమ్మా," అని డాక్టరమ్మ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు తల్లీ, నిజమేంటి?"